మూడో ప్రకటన

క్రైస్తవుల పెళ్ళికి ముందు గుడిలో మూడు ఆదివారాలు ఒక ప్రశ్న అడుగుతారని నాకు యాభై రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు. తెలిసిన రోజు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురి పేరూ మైకులో చదివి, వీళ్ళ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అంటారట. ఒకసారి కాదు, మూడుసార్లు! మా గజపతినగరం మెయిన్‌రోడ్డు మీద ఆ ప్రశ్న ఒక్కసారి అడిగి చూడండి. పెళ్ళివాళ్ళెవరో తెలియనివాళ్ళు కూడా బండి ఆపి మరీ అభ్యంతరం చెప్పి పోతారు.

“అదేటి పద్ధతే? పిలిసి మరీ పుల్లలెట్టించుకోడం కాపోతే!” అన్నాను షీబాతో.

షీబా కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తలేదు. “మాకంతేనక్కా. దాన్ని ప్రకటన అంటారు. మూడు వారాలూ నువ్వొచ్చి నా పక్కన కూకోవాల,” అంది.

“నేనా? మీ గుడిలోనా? నాకు మీ పాటలు రావు, ప్రార్థన రాదు.”

“పాటలు పాడక్కర్లేదు. నా సెయ్యి పట్టుకో, సాలు.”

ఎందుకో కూడా చెప్పింది. అది విన్నాక నేనింక వాదించలేదు. పెళ్ళయ్యాక నేను వాదించకుండా ఊరుకున్న సందర్భాలు మూడో నాలుగో ఉంటాయి, కావాలంటే మా ఆయన నరసింగరావుని అడగండి. చెయ్యి పట్టుకోవడం ఎందుకో మీకు అర్థం కావాలంటే ముందు షీబా సంగతి చెప్పాలి.

మాది ఝాన్సీ మ్యాచింగ్ సెంటర్. బోర్డు మీద ఉన్న ఝాన్సీని నేనే, ఝాన్సీలక్ష్మిని. చీరల మీదికి జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్సు, హుక్కులు అమ్ముతాం. చీర ఇంకా గుమ్మంలో ఉండగానే దానికి ఏ రంగు ముక్క కావాలో చెప్పేస్తాను. కొట్టు అరుగు మీద మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది షీబా. దానికి ముప్ఫై ఆరేళ్ళు. తండ్రి లేడు. తల్లి దేవమణి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైంది. మిగతా దర్జీలకు కొలతల కోసం పాత జాకెట్టు ఒకటి ఇవ్వాలి, ఆది జాకెట్టు అంటాం దాన్ని. షీబాకి అది అక్కర్లేదు. మనిషిని ఒక్కసారి వెనక్కి తిరగమంటుంది, అంతే, సుద్దముక్క తీసుకుని గుడ్డ మీద గీసేస్తుంది. పోయినసారి కన్నా ఒళ్ళు చేశామో తగ్గామో మన ముఖం మీదే చెప్పేస్తుంది కూడా. ఆ ఒక్క గుణం మార్చుకోమని ఎంత చెప్పినా వినదు.

ఎనిమిదేళ్ళ కిందట, దానికి ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, ఒక ఆదివారం గుడిలో అయ్యగారు వాక్యం చెబుతున్నారు. పాస్టరు గారిని వాళ్ళు అయ్యగారనే పిలుస్తారు. ఆడవాళ్ళ చాపల మధ్యలోంచి షీబా లేచి నిలబడి గట్టిగా అడిగింది, “నా పేరెందుకు మైకులో సదవతన్నారు?” అని. ఎవరూ చదవలేదు. అయ్యగారు బిత్తరపోయి చూశారు. “ఆపండి, నా పేరు సదవద్దు!” అని మళ్ళీ అరిచి ఏడ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తల్లులు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. ఇద్దరు మగాళ్ళు వచ్చి రెక్కలు పట్టుకుని బయటికి తీసుకుపోయారు.

ఆ తర్వాత ఇంట్లో ఫ్యాను దాని పేరు పిలిచింది. పక్కింటి టీవీ పిలిచింది. నిద్ర లేదు, తిండి లేదు. ఒక ఏడాదిపాటు ఉపవాస ప్రార్థనలని ఊరూరూ తిప్పారు. చివరికి దేవమణి పనిచేసే ఆసుపత్రిలో ఒక నర్సమ్మ కేకలేసింది. “ఇది జబ్బు దేవమణీ. దీనికి డాక్టర్లున్నారు, మందులున్నాయి. ఇయ్యాలే బయల్దేరు,” అంది. విశాఖపట్నం తీసుకువెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది, స్కిజోఫ్రీనియా అని. ఆ మాట దేవమణికి నోరు తిరగలేదు. తిరిగినా చెప్పేది కాదనుకోండి. అడిగినవాళ్ళందరికీ ‘నరాల బలహీనత’ అని చెప్పడం మొదలుపెట్టింది. ఊరు మాత్రం ఇంకో పేరు పెట్టేసింది. మైకు షీబా.

మందులతో కొన్ని నెలల్లోనే మనిషి కుదుటపడింది. చెవిలో మాటలు పూర్తిగా పోలేదు. “పక్కవీధిలో ఎవులో మాటాడుకున్నట్టుంటాదక్కా. నాకు సంబంధం లేదని ఊరుకుంటాను,” అంటుంది. మొదట్లో ఆ బిళ్ళలకు చేతులు వణికేవి, సూదిలో దారం ఎక్కేది కాదు. డాక్టరమ్మతో చెబితే మందు మార్చింది, వణుకు తగ్గింది. జబ్బు సంగతి ఆవిధంగా దారిలో పడింది. జనం సంగతే పడలేదు. పిచ్చిదాని చేతిలో కత్తెరేమిటని ఆడవాళ్ళు జాకెట్లు ఇవ్వడం మానేశారు. పదేళ్ళు దాని చేత కుట్టించుకున్నవాళ్ళు కూడా!

నేనేదో గొప్పదాన్నని అనుకునేరు. దానికి అరుగు ఇచ్చింది జాలితో కాదు. నా దగ్గరున్న దర్జీ చెప్పాపెట్టకుండా విశాఖ వెళ్ళిపోయాడు, నాకు మనిషి కావాల్సి వచ్చింది, అంతే. పైగా మొదటి నెలంతా కత్తెర నా సొరుగులో పెట్టుకున్నాను. గుడ్డ కత్తిరించేటప్పుడు అడిగితే ఇచ్చేదాన్ని, అయిపోగానే తీసుకునేదాన్ని. దానికి తెలియదనుకున్నాను. ఒకరోజు అది నా చేతిలోంచి కత్తెర అందుకుంటూ, “అక్కా, దాసుకుంటే దాసుకో, పర్లేదు. పదును మాత్రం ఎట్టించు. ఈ మొద్దు కత్తెరతో నేను గుడ్డ కొయ్యట్లేదు, కొరుకుతన్నాను,” అంది. దాని ముఖంలో కోపమైనా లేదు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఆ సాయంత్రమే పదును పెట్టించి తెచ్చి దాని బల్ల మీద పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

ఆనాటి నుంచి షీబా గురించి ఎవరు ఏమన్నా నా నోరు ఊరుకోలేదు. ఒకావిడ అయితే ముక్కు విరుచుకుని, “కుట్టడానికి ఈవిడ తప్ప ఇంకెవులూ లేరేటి?” అంది. “ఉన్నారమ్మా, నీకు సంకలకాడ సిరిగిపోయేటట్టు కుట్టినోడున్నాడు గదా, ఆడి దగ్గరికే పో,” అన్నాను. ఆవిడ పోలేదు. ఆరు జాకెట్లు ఇచ్చింది. ఒక్కొక్కళ్ళే తిరిగొచ్చారు. మైకు షీబా అన్న పేరు మాత్రం వాళ్ళ వెనకాలే వచ్చేది.

ఇక సంజయ్! విజయనగరంలో ఆర్టీసీ డిపోలో మెకానిక్కు, నలభై ఏళ్ళవాడు, పెళ్ళి కాలేదు. వాళ్ళమ్మ పుట్టిల్లు మా ఊరే. ఆవిడకి షీబా కుట్టిన జాకెట్టు తప్ప ఒంటికి పట్టదు. ఆవిడకి జాకెట్టు కుట్టించుకుపోడానికి అతను స్కూటరు మీద వచ్చాడు. సరే. మరుసటి వారం హుక్కు ఊడిందని వచ్చాడు. ఆ తర్వాత భుజం జారుతోందని వచ్చాడు. నాలుగోసారి అదే జాకెట్టు పట్టుకుని ఏ లోపమూ దొరక్క నిలబడితే, నేనే అన్నాను, “బాబూ, జాకెట్టు బాగానే ఉన్నాది. నీకేటి బాలేదో సెప్పు,” అని. చెవుల దాకా ఎర్రబడ్డాడు. షీబా వైపు తిరిగి పెళ్ళి మాట అడిగేశాడు. నా కొట్టు ముందే, నా ఎదురుగానే! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

షీబా సంచీలోంచి బిళ్ళల అట్ట తీసి టేపు పక్కన పెట్టింది. “ముందు ఇది సూడండి. నాకు స్కిజోఫ్రీనియా. జీవితాంతం మందులు వాడాల్సి రావచ్చు,” అంది.

అతను అట్ట తీసుకుని వెనకా ముందూ చూశాడు. “ఇది ఏసుకుంటే ఏటవుతాది?”

“నిద్రొస్తాది. లావవుతాను.”

“ఏసుకోపోతే?”

“ఫేను నా పేరు పిలుస్తాది.”

అతను అట్ట జాగ్రత్తగా టేపు పక్కనే పెట్టాడు. “మా డిపోలో ఏ బస్సుకైనా టైముకి సర్వీసింగు సెయ్యపోతే...” అని మొదలుపెట్టాడు.

“నేను బస్సునా?” అంది షీబా.

“కాదు, కాదు,” అని పాపం తడబడిపోయాడు. వారం గడువు అడిగి వెళ్ళాడు. ఆ వారమంతా రోడ్డు మీద వచ్చిన ప్రతి స్కూటరునీ తొంగి చూశాను. వారం తిరిగేసరికి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. షీబా ఆవిడకీ అంతా చెప్పింది, జబ్బు పేరుతో సహా. ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుని, “మా ఇంట్లో నాకు సుగరు, ఈడికి బీపీ. నువ్వొస్తే బిళ్ళల డబ్బా పెద్దది కొనాల,” అంది. నేను లోపలికెళ్ళి రంగుముక్కల వెనకాల నిలబడి ఏడ్చేశాను. మా ఆయన పేపరు పక్కన పెట్టి, “ఏటయిందే?” అని కంగారుపడ్డాడు. నేను సంతోషంతో ఏడవడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు చెయ్యి సంగతి. ప్రకటన చదువుతారంటే షీబాకి భయం అభ్యంతరాల గురించి మాత్రమే కాదు. “అప్పుడు లేనిది ఇన్నానక్కా. నా పేరు మైకులో సదివినట్టు. ఇప్పుడు నిజంగానే మైకులో సదవతారు, అదే గుడిలో, అదే సాపల మీద నేను కూకుంటే. నిజమేదో, కానిదేదో ఆ నిమిషంలో నాకెలా తెలుస్తాది? నువ్వు ఇన్నావనుకో, నా సెయ్యి నొక్కు. నువ్వు ఇనకపోతే నొక్కకు. నీకు ఇనబడితే అది నిజమని నేను నమ్ముతాను,” అంది. చెప్పండి, ఈ మాటకి ఎవరు కాదంటారు?

మొదటి ఆదివారం జడలో మూర నిండా మల్లెపూలు, రూపాయంత బొట్టుతో వాళ్ళ గుడిలో అడుగు పెట్టాను. ఆడవాళ్ళందరూ చాపల మీద కాస్త కాస్త జరిగారు. దేవమణి వచ్చి నా కొంగు తల మీదికి సర్దింది. అందరూ వందనాలంటే నేను నమస్కారమన్నాను. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. అప్పుడు ఎలీషా అయ్యగారు మైకు ముందుకు వచ్చి ఒక కాగితం విప్పారు.

“మొదటి ప్రకటన. విజయనగరం సంఘ సభ్యుడు సంజయ్‌కూ, మన సంఘ సభ్యురాలు షీబాకూ వివాహం చేయ నిశ్చయించారు...”

ఇంకా ఆ పేరు గాలిలో ఉండగానే నొక్కేశాను. ఎంత గట్టిగా నొక్కానంటే నా గాజు అచ్చు దాని చేతి మీద పడింది. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. నేను గుడి అంతా ఒక చూపు చూశాను. లేచేవాడెవడో లేవండి చూద్దాం అన్నట్టు! ఎవరూ కదల్లేదు. షీబా నా వైపు వంగింది. “సదివినారు గదా?” అని గుసగుసగా అడిగింది. “సదివినారే తల్లీ,” అన్నాను. దాని ముఖం వెలిగిపోయింది. ఇంటికెళ్ళి మా ఆయన్ని తరిమి తరిమి జిలేబీ తెప్పించాను.

రెండో ఆదివారమూ అలాగే గడిచింది. నేను అప్పుడే గెలిచేశామనుకున్నాను. బయట చెప్పులు వేసుకుంటుంటే సీమోను మాస్టారు కర్ర పొడుచుకుంటూ దేవమణి దగ్గరికి వచ్చారు. డెబ్భై అయిదేళ్ళ మనిషి, రిటైరైన హెడ్మాస్టరు. ఆ సంఘంలో సగంమంది ఆయన దగ్గర చదివినవాళ్ళే. గడ్డం తెల్లబడ్డవాళ్ళు కూడా ఆయన్ని చూస్తే చేతులు కట్టుకుంటారు.

“దేవమణీ, అబ్బాయివోళ్ళకి ఏటని సెప్పేవు?” అని అడిగారు.

దేవమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నరాల బలహీనత అని మాస్టారూ,” అంది.

నేను తల కొట్టుకున్నాను. సంజయ్‌కి అన్నీ తెలుసని దేవమణికి తెలుసు! కానీ ఏడేళ్ళుగా ఒకే మాట చెప్పి చెప్పి, ఎవరు అడిగినా ఆవిడ నోట్లోంచి అదే వస్తుంది. పైగా అంతమంది ఎదుట ఆ అసలు మాట అనడానికి ఆవిడకి ధైర్యం లేదు.

“అది మోసమవుతాది,” అన్నారు మాస్టారు. “నేను పిల్లకి సెడు కోరట్లేదు. ఆ అబ్బాయిని సీకట్లో ఉంచి పెళ్ళి సేత్తే రేపు నలిగిపోయేది ఈ పిల్లే. మీరు సెప్పండి. లేదంటే వచ్చే ఆదివారం నేనే లేచి సెప్తాను.”

నేను నోరు తెరిచాను. షీబా నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఈసారి అది నొక్కింది, నేను మూసుకున్నాను.

దారిలో మాత్రం దులిపేశాను. “ఏటే నీకు? అబ్బాయికి తెలుసని ఒక్క మాట సెప్తే అయిపోను గదా!”

“సంజయ్‌కి సెప్పేను. ఆల్లమ్మకి సెప్పేను. సెప్పాల్సినోళ్ళకి సెప్పేను,” అంది షీబా. “సంఘమంతటికీ ఎందుకు సెప్పాల? మాస్టారి సుగరెంతో ఆయన నాకు సెప్పేరా? నువ్వూ సెప్పకూడదు. ఒట్టెయ్యి.”

ఒట్టు వేశాను. ఆ వారం నేను పడ్డ బాధ పగవాళ్ళకి వద్దు. రెండుసార్లు మాస్టారి ఇంటి గేటు దాకా వెళ్ళాను, రెండుసార్లూ వెనక్కి వచ్చాను. కొట్టులో ఎర్ర చీరకి ఆకుపచ్చ ముక్క కోశాను. ఒక్క మనిషి లేచి అభ్యంతరం అంటే చాలు, అయ్యగారు విచారణ చెయ్యాలి, పెళ్ళి ఆగాలి. విజయనగరంలో సంజయ్ బంధువులందరికీ కబురు పోతుంది. వాళ్ళు ఊరుకున్నా మా ఊరు ఊరుకోదు. మైకు షీబా పెళ్ళి మైకులోనే ఆగిపోయిందని పదేళ్ళు చెప్పుకుంటారు.

షీబాకి నిద్ర తగ్గింది. నిద్ర తగ్గడం దాని జబ్బుకి మంచిది కాదని నాకు తెలుసు. తనే డాక్టరమ్మకి ఫోన్ చేసి మాట్లాడింది, ఆవిడ చెప్పినట్టే టైముకి మందు వేసుకుని పడుకుంది. శనివారం పొద్దున్న తన పెళ్ళిచీర మీదికి తెల్ల జాకెట్టు కుట్టుకుంటూ కూర్చుంది. ఎడమ చెయ్యి కుట్టడం, విప్పడం. మళ్ళీ కుట్టడం, విప్పడం. మూడోసారి విప్పి, దారాలు ఏరుకుంటూ అంది. “అక్కా, ప్రకటన ఆపీమని అయ్యగారికి సెప్పీనా? నాకీ పెళ్ళి వద్దనీసి?”

“సంజయ్ వద్దేటి?”

“సంజయ్ కావాల,” అంది. గబుక్కున కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆయన వచ్చి అరుగు మీద కూకుంటే నాకు పక్కవీధి మాటలు కూడా ఇనబడవక్కా. కావాల. కానీ మళ్ళీ ఆ సాపల మధ్యలో అందరూ నన్నే సూత్తుంటే నేను తట్టుకోలేను.”

“అయితే నోరు మూసుకుని సెయ్యి కుట్టు,” అన్నాను.  అది ముక్కు తుడుచుకుని కుట్టింది. నాలుగోసారి జాకెట్టు చెయ్యి సరిగ్గా కూర్చుంది.

మూడో ఆదివారం!  సీమోను మాస్టారు మగవాళ్ళ వైపు ముందు వరసలో కుర్చీలో ఉన్నారు, కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని. అదే సమయానికి విజయనగరంలో వాళ్ళ గుడిలో సంజయ్ కూర్చుని ఉంటాడు, అక్కడా ఇదే చదువుతారు. షీబా చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. నేను కళ్ళు మాత్రం ఆ కర్ర మీద నుంచి తిప్పలేదు.

ఎలీషా అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని కాగితం విప్పారు. “ఇది మూడవ ప్రకటన, ఆఖరుది. విజయనగరం సంఘ సభ్యుడు సంజయ్‌కూ, మన సంఘ సభ్యురాలు షీబాకూ...”

కర్ర కొస నేల మీద కాస్త ముందుకు జరిగింది.

“...వీరు భార్యాభర్తలు కాకూడదనడానికి తగిన కారణం మీలో ఎవరికైనా తెలిసి ఉంటే, ఇప్పుడే ఈ సంఘం ఎదుట చెప్పండి.”

టక్కుమంది కర్ర. మాస్టారు లేస్తున్నారు. ఏం చేస్తున్నానో నాకే తెలియదు. ఆయన నడుము నిటారయ్యేలోపే నేను లేచి నిలబడిపోయాను. నా మోకాళ్ళు పదేళ్ళుగా అంత జోరుగా లేవలేదు.

గుడి మొత్తం నా వైపు తిరిగింది. అయ్యగారు కాగితం కిందికి దించారు. మైకులోనే అడిగారు, “అమ్మా, మీకు అభ్యంతరం ఉందా?”

ఓరి భగవంతుడా! అప్పుడు వెలిగింది నాకు. ఆ ప్రశ్న అడిగాక లేచి నిలబడ్డది నేను!

“నాకా? నాకెందుకుంటాది బాబూ!” అన్నాను. “అభ్యంతరం సెప్పేవోళ్ళ మీద నాకు అభ్యంతరం ఉన్నాది!”

పిల్లలు ఫక్కున నవ్వారు. పెద్దవాళ్ళు కూడా కొందరు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు పూర్తిగా లేచి, “ఆవిడ కూకుంటే నేనొక మాట సెప్పాల,” అన్నారు. “నేను కూకోను,” అన్నాను. అని, నడుం మీద చెయ్యి పెట్టుకోబోతే చెయ్యి ఖాళీగా ఉంది.

 షీబా చెయ్యి వదిలేశాను. కర్ర చూస్తూ చూస్తూ నొక్కడం మరిచిపోయాను! మూడు వారాలుగా నేను చేయాల్సిన పని అదొక్కటే, అదొక్కటీ చెయ్యలేదు. కిందికి చూస్తే షీబా చాప మీద తన అరచేయి చూసుకుంటూ కూర్చుంది. ముఖం పాలిపోయింది. నేను వంగేలోపే అది లేచి నిలబడింది.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఎనిమిదేళ్ళ కిందట లేచింది కూడా అక్కడి నుంచే. నా ముందున్న ఒకావిడ పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. దేవమణి కళ్ళు మూసుకుంది.

“అయ్యగారూ,” అంది షీబా. అందరికీ వినబడింది. “ఇప్పుడు మైకులో నా పేరు సదివినారా?”

 అయ్యగారు నోరు తెరవబోతే, షీబా చెయ్యి అడ్డం పెట్టింది.

“కాసేపుండండి, నన్ను సెప్పనీండి. ఎనిమిదేళ్ళ కిందట ఇక్కడే నిలబడి ఇదే అడిగేను. అప్పుడు మీరు సదవలేదు. నాకు ఇనబడింది, కానీ మీరు సదవలేదు. నాకున్నది నరాల బలహీనత కాదు. స్కిజోఫ్రీనియా. రోజూ బిళ్ళ ఏసుకుంటన్నాను. మీ జాకెట్లు కుడతన్నాను. ఈ మూడు వారాలూ సదివింది నిజమో కాదో ఝాన్సక్క నా సెయ్యి నొక్కి సెప్పాల. ఇయ్యాల అక్క లేచిపోనాది, నొక్కలేదు. అందుకే అడగతన్నాను. నన్ను ఎవులూ బయటికి తీసికెళ్ళొద్దు. సదివినారా, లేదా? అది సెప్పండి సాలు.”

 మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. అయ్యగారూ, సంఘమూ ఇప్పుడు ఆయన వైపే చూస్తున్నారు. ఆయన మాత్రం షీబా వైపు చూస్తూ మెల్లగా అడిగారు. “ఆ అబ్బాయికి తెలుసా తల్లీ?”

“తెలుసు మాస్టారూ. ఆల్లమ్మకీ తెలుసు. పెళ్ళి కుదరకముందే నేనే సెప్పేను. జబ్బు పేరుతో సహా.”

మాస్టారు తల దించుకున్నారు. కర్ర తీసి కుర్చీకి తగిలించారు.  తల ఎత్తేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సదివినారు తల్లీ,” అన్నారు. “నీ పేరే. నేను ఇన్నాను.”

షీబా ఆయన్నే చూస్తోంది. ఇంకా నమ్మకం కుదరనట్టుంది. ఆయనకి అది అర్థమైంది కాబోలు, సంఘం వైపు తిరిగారు. ముప్ఫై అయిదేళ్ళు బడిలో వాడిన గొంతు బయటికి తీశారు. “అందరూ ఇన్నారా?”

చాపల మీద నుంచీ, బల్లల మీద నుంచీ, గడ్డం నెరిసినవాళ్ళూ, పిల్లల తల్లులూ, తరగతి గదిలో అరిచినట్టే ఒక్క గొంతుతో అరిచారు. “ఇన్నామండీ!”

పైకప్పు అదిరింది. పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నారు. దేవమణి నోటి మీది కొంగు తీసేసి నోరారా ఏడుస్తోంది. “ఇంకెవులికైనా అభ్యంతరమా?” అని మాస్టారే అడిగారు, అయ్యగారి పని కూడా తనే చేసేస్తూ. ఎవరూ లేవలేదు. ఎలా లేస్తారు, ఆయన చూస్తుంటే! అప్పుడు కూర్చున్నారు ఆయన.

నేనూ షీబా కూడా చాప మీద కూలబడ్డాం.  అప్పుడు గుర్తొచ్చింది నాకు, నేను చేయాల్సిన పని. దాని చెయ్యి వెతుక్కుని పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను.

“ఇప్పుడెందుకక్కా,” అంది షీబా, నవ్వుతూ, ఏడుస్తూ. “అందరూ సెప్పీసినారు గదా!”